తాగుడు మానేవాళ్లు సరైన మీటింగ్ వెతుక్కోవడం ఎలా? ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల కోసం పూర్తి మార్గదర్శి

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు నుంచి నన్ను అడిగేవాళ్ల ప్రశ్న దాదాపు ఒక్కటే. "అన్నా, మానాలని ఉంది. మీటింగులకి వెళ్లమన్నారు. ఎక్కడికి వెళ్లాలి? అక్కడ అంతా ఒడియాలో మాట్లాడితే ఏం చేయాలి?" కొందరు ఇల్లాళ్లు భర్త కోసం అడుగుతారు. ఒకసారి ప్లస్ టూ చదివే కుర్రాడు వాళ్ల నాన్న కోసం అడిగాడు. ఒక్కొక్కరికీ విడిగా చెప్తున్నవన్నీ ఇక్కడ వరుసలో పెడుతున్నాను.

మీటింగ్ అంటే తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చుని మాట్లాడుకునే చోటు. నేనూ అలా వెతుక్కుంటూ వెళ్లినవాణ్నే. నా పేరు, మా గ్రూపు ఉన్న ఊరు రాయను. మాలో పద్ధతి అది.

అందరూ "మంచి మీటింగ్ ఏది?" అంటారు. వచ్చే వారం మళ్లీ వెళ్లగలిగేదే మీకు మంచి మీటింగ్. కింద చెప్పే ప్రతి అడుగూ ఆ సంగతి తేల్చుకోవడానికే.

## 1. మీటింగ్ కన్నా ముందు డాక్టరు

రోజూ తాగేవాళ్లు, ముఖ్యంగా పొద్దున్నే చెయ్యి వణికితే ఒక గుటక వేసి పనికి వెళ్లేవాళ్లు, ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయకండి. ఇందులో మొండితనం పనికిరాదు.

చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవుతాయి. నిద్ర పట్టదు. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనిపిస్తాయి, ఉన్న చోటు తెలియదు, జ్వరం వస్తుంది. ఆ దశలో వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

మన దగ్గర ఇది ఎక్కువగా మాల వేసుకునే రోజుల్లో కనిపిస్తుంది. నిన్న రాత్రి దాకా తాగి, ఈ పొద్దున అయ్యప్ప మాల వేసుకుంటారు. మూడో రోజు పీఠం దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోతే దేవుడికి కోపం వచ్చిందంటారు. అది మందు ఆపినందుకు ఒళ్లు పడే ఇబ్బంది. డాక్టరు మాత్రలతో, బీ1 విటమిన్‌తో దాన్ని అదుపులో పెట్టగలరు. ఆ మాత్రలు మీ అంతట మీరు షాపులో కొని వాడకండి.

జిల్లా ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో అడగండి. గంజాం, గజపతి వైపు వాళ్లకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. కొరాపుట్ వైపు వాళ్లకు షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. ఆంధ్ర వైపు వెళ్లగలిగితే విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

డాక్టరుకు దాచకుండా చెప్పాల్సినవి:

- రోజుకు ఎంత తాగుతారు, ఏది తాగుతారు. ఇప్పసారా, జీలుగు కల్లు కూడా లెక్కలోకే వస్తాయి.
- చివరిసారి ఎన్ని గంటలకు తాగారు.
- ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా.
- షుగర్, బీపీ, కామెర్లు ఉన్నాయా, ఏ మాత్రలు వాడుతున్నారు.

ఫిట్స్ వచ్చినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, రక్తపు వాంతి అయినా మీటింగ్ సంగతి తర్వాత. వెంటనే 108కి ఫోన్ చేయండి.

## 2. ఏ బోర్డు వెనక ఏముంటుంది

చాలామంది ఇక్కడే పొరబడతారు. "మీటింగ్" అంటే తీసుకెళ్లి మూడు నెలలు గదిలో పెడతారనుకుని భయపడతారు.

"నిశా ముక్తి కేంద్ర" అని ఒడియాలో బోర్డు ఉంటే అది ఉండి చికిత్స తీసుకునే చోటు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపేవి కొన్ని, ప్రైవేటువి కొన్ని. ప్రైవేటు దాంట్లో చేరేముందు రిజిస్ట్రేషన్ చూపించమనండి. చికిత్స చేసే డాక్టరు పేరు అడగండి. ఇంటివాళ్లు ఎప్పుడు వచ్చి చూడొచ్చో అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి.

మీటింగ్ వేరు. ఆల్కహాలిక్స్ అనానిమస్, మనం ఏఏ అంటాం, తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే చోటు. గంట, గంటన్నర ఉంటుంది. ఇంటికి వచ్చేయొచ్చు. ఫీజు లేదు. ఆధార్ అడగరు. చేరడానికి కావలసింది మానాలనే కోరిక ఒక్కటే. చివర్లో ఒక సంచో డబ్బానో తిరుగుతుంది. గది అద్దెకి, టీకి సభ్యులే వేసుకుంటారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. "ఏఏ మీటింగుకి ఇంత కట్టాలి" అని ఎవరైనా అంటే అది ఏఏ కాదని తెలుసుకోండి.

ఏఏ మందులివ్వదు, అప్పు ఇవ్వదు, ఉద్యోగం చూపించదు. డాక్టరు పని డాక్టరుదే.

దేవుడి మాట వస్తుంది. అయితే ఏ మతానికీ సంబంధం లేదు, దేవుణ్ని ఎవరికి అర్థమైనట్టు వాళ్లు తీసుకోవచ్చు. మీటింగులు కొన్నిచోట్ల చర్చి గదుల్లో జరుగుతాయి, ఖాళీగా, చవగ్గా దొరికే గది అది కాబట్టి. "మతం మారుస్తారట" అని మా వీధిలోనూ అన్నారు. నా నుదుటి బొట్టు ఎవరూ చెరపలేదు. దేవుడి ఊసే వద్దనుకునేవాళ్లకు స్మార్ట్ రికవరీ అనే మరో పద్ధతి ఉంది. ఆలోచనల్ని, అలవాట్లని పట్టి చూసే పద్ధతి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఇంగ్లీషు వచ్చినవాళ్లకు సులువు.

ఇది నిజంగా పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు ఒక మాట. వైద్య అధ్యయనాల్ని జల్లెడ పట్టి చూసే కోక్రేన్ అనే సంస్థ 2020లో తెచ్చిన సమీక్ష 27 అధ్యయనాల్ని కలిపి చూసింది. పద్ధతిగా ఏఏలో చేర్పించే చికిత్స, పూర్తిగా మానేసి ఉండటంలో మిగతా చికిత్సలతో సమానంగానో, ఇంకా మెరుగ్గానో ఉందని తేల్చింది.

## 3. వెతికే ముందు ఒక కాగితం తీసుకోండి

ఫోన్ చేసే ముందు పది నిమిషాలు కూర్చుని రాయండి. ఇది చేయకుండా బయల్దేరినవాళ్లే మొదటి మీటింగుతో ఆగిపోతారు.

మీరు తాగే రోజు, గంట. చాలామంది తీరిక ఉన్న రోజు మీటింగ్ వెతుక్కుంటారు. నేనైతే ప్రమాదం ఉన్న రోజు వెతుక్కోమంటాను. జీతం రోజు, సంత రోజు, నైట్ షిఫ్ట్ దిగిన పొద్దు, ఆదివారం మధ్యాహ్నం. మీకు ఏది గండమో మీకే తెలుసు. ఆ గంటకు దగ్గరగా ఉన్న మీటింగ్‌కి ఎక్కువ మార్కులు వేయండి.

వెళ్లి, రాత్రికి తిరిగి రాగలరా. ఆఖరి బస్సు, ఆఖరి రైలు చూసుకోండి. పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం పక్కనే. గుణుపూర్ నుంచి నౌపడ లైన్లో టెక్కలి వైపు వెళ్లొచ్చు. బరంపురం వాళ్లకు ఇచ్ఛాపురం, పలాస మెయిన్ లైన్ మీదే ఉన్నాయి. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం ఒకే లైన్. కొరాపుట్ వాళ్లు ఘాట్ దిగితే సాలూరు. ఈ ఊళ్లన్నిట్లో మీటింగులున్నాయని నేను అనడం లేదు. వెతికేటప్పుడు రాష్ట్రం గీత దగ్గర ఆగిపోకండి.

మీ దుఃఖం ఏ భాషలో వస్తుంది. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

నేను పుట్టి పెరిగింది ఒడిశాలో. బడి ఒడియా, ఆఫీసు ఒడియా. నా మొదటి మీటింగ్ కూడా ఒడియాలోనే. ప్రతి మాటా అర్థమైంది. నా వంతు వచ్చినప్పుడు మా అమ్మ ఆస్పత్రిలో ఉన్న రాత్రి గురించి చెబుదామని నోరు తెరిచాను. ఆమె మందుల కోసమని తీసుకున్న డబ్బుతో నేను ఎక్కడికి వెళ్లానో చెప్పాలి. ఒడియాలో ఆ వాక్యం నాకు రాలేదు. రేషన్ కార్డు గురించి, పీఎఫ్ గురించి గడగడా మాట్లాడే భాషలో అమ్మ గురించి ఒక్క ముక్క రాలేదు. "ఈరోజు వింటాను" అని కూర్చున్నాను.

మూడో వారం కూడా అలాగే తడబడుతుంటే పక్కనున్న పెద్దాయన నా మోచెయ్యి తట్టి "తుమ భాషారే కుహ" అన్నాడు. నీ భాషలోనే చెప్పు అని. తెలుగులో చెప్పాను. ఆయనకు సగం కూడా అర్థమై ఉండదు. నేను ఆపేదాకా నా మొహంలోంచి కళ్లు తిప్పలేదు.

అందుకే కాగితం మీద రెండు ప్రశ్నలు రాసుకోమంటాను. ఏ భాష వింటే నాకు అర్థమవుతుంది? ఏ భాషలో నేను మాట్లాడగలను? రెండింటికీ జవాబు ఒకటే కానక్కర్లేదు. పూర్తిగా తెలుగు మీటింగ్ దొరికితే అదృష్టం. దొరక్కపోతే తెలుగులో మాట్లాడనిచ్చే ఒడియా మీటింగ్ చాలు.

ఎవరైనా గుర్తుపడతారన్న భయం. మొదటి ఒకటి రెండుసార్లు పక్క ఊరికి వెళ్లడంలో తప్పులేదు. ఎప్పటికీ దూరమే వెళ్తానంటే మాత్రం వానాకాలం రాగానే మానేస్తారు. మనం తాగుతామని ఊరికి ఎప్పుడో తెలుసు. రోడ్డు పక్కన పడి ఉన్నప్పుడు చూసినవాళ్లు, మానడానికి వెళ్తుంటే చూస్తే చూడనివ్వండి.

## 4. ఎక్కడ వెతకాలి, ఏ వరుసలో

1. ఏఏ ఇండియా వెబ్‌సైట్. రాష్ట్రాలవారీగా, ఊళ్లవారీగా మీటింగుల వివరాలు, ఫోన్ నంబర్లు దొరుకుతాయి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండు జాబితాలూ చూడండి. మనవాళ్లు ఒడిశా ఒక్కటే చూసి "మాకేం లేవు" అని మూసేస్తారు. జాబితాలో ఉన్న రోజు, గంట మారి ఉండొచ్చు, ఫోన్ చేయకుండా బయల్దేరకండి.
2. 14446. మత్తు అలవాట్లు మానడానికి సాయం చేసే జాతీయ టోల్ ఫ్రీ నంబరు. దగ్గర్లోని కేంద్రం ఎక్కడో అడగండి. చికిత్స అయ్యాక వచ్చి కూర్చునే గ్రూపు అక్కడ నడుస్తుందా అని కూడా అడగండి.
3. 14416. టెలి మానస్, 24 గంటలూ పనిచేస్తుంది. ఒడిశా సిమ్ నుంచి చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి. మనసు బాగా కుంగిపోయి ఉంటే, చచ్చిపోవాలనిపిస్తుంటే, ముందు ఈ నంబరుకే చేయండి.
4. డాక్టరు, నర్సు, కౌన్సిలర్. ఓపీ నుంచి బయటికి వచ్చేముందు ఒక్క మాట: "మీ దగ్గర మానేసినవాళ్లు ఎవరైనా మీటింగులకి వెళ్తున్నారా? నా నంబరు వాళ్లకి ఇవ్వండి." వాళ్ల నంబరు అడిగితే ఇవ్వకపోవచ్చు. మీ నంబరు వదిలిపెడితే పని అవుతుంది.
5. మానేసిన మనిషి. ప్రతి పేటలోనూ ఒకడుంటాడు, ఒకప్పుడు తాగి ఇప్పుడు తాగనివాడు. నేరుగా వెళ్లి అడగండి. ఎవరూ అడగట్లేదే అని ఎదురుచూసేవాళ్లే ఎక్కువ.

## 5. ఫోన్ చేసినప్పుడు

ఫోన్ ఎత్తేది ఆఫీసు మనిషి కాదు, చాలాసార్లు మనలాంటి మనిషే. పొలంలోనో, డ్యూటీలోనో ఉండొచ్చు. ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేయండి. మూడు పూటలు ప్రయత్నించాకే ఆ నంబరు కొట్టేయండి.

మాటలు దొరకకపోతే ఇలా మొదలుపెట్టండి: "నమస్తే అన్నా. నాకు తాగుడు సమస్య ఉంది. మీటింగ్‌కి రావాలనుకుంటున్నాను. మొదటిసారి." మీ పేరు చెప్పాల్సిన పని లేదు.

అడగాల్సినవి:

- ఈ వారం ఏ రోజు, ఎన్ని గంటలకు? చివరిసారి నిజంగా ఎప్పుడు జరిగింది?
- ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా? ఓపెన్‌కి ఇంటివాళ్లూ రావచ్చు. క్లోజ్డ్ తాగుడు మానాలనుకునేవాళ్లకు మాత్రమే.
- మామూలుగా ఎంతమంది వస్తారు? తెలుగువాళ్లు ఉన్నారా? తెలుగులో మాట్లాడొచ్చా?
- గది గుర్తు ఏంటి? స్టేషన్ నుంచి ఎలా రావాలి? గేటు దగ్గర ఎవరైనా ఉంటారా?
- ఆడవాళ్లయితే: ఆడవాళ్లు ఎవరైనా వస్తారా?

"చివరిసారి ఎప్పుడు జరిగింది" అన్నది తప్పకుండా అడగండి. ఒకసారి నేను రైలు దిగి, వాన తడిసి, తాళం వేసిన గది ముందు ముప్పావుగంట నిలబడ్డాను. అక్కడ మీటింగ్ ఆగిపోయి నెలలైంది. ఎదురుగా లైట్లు వెలిగిన భాటీ, అంటే సారా కొట్టు. ఆ రోజు ఎలా దాటానో ఇప్పటికీ నాకు తెలియదు. మీకు అలాంటి సాయంత్రం రాకూడదు.

## 6. మొదటి రోజు

వెళ్లేముందు కడుపునిండా తినండి. ఖాళీ కడుపు, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగే మనిషిని గ్లాసు వైపు తోస్తాయని మాలో అంటారు. నాలుగింటిలో ఆకలి ఒక్కటే చిటికెలో తీరేది.

ఆ రోజు తాగకుండా వెళ్లడం మంచిది. తాగి ఉంటే? అయినా వెళ్లండి, వెనక కూర్చుని వినండి, మాట్లాడకండి. సొంతంగా బండి మాత్రం నడపకండి.

పావుగంట ముందు చేరండి. ఆలస్యంగా వెళ్తే అందరూ కూర్చుని ఉంటారు, గుమ్మం దగ్గర నుంచి వెనక్కి తిరగాలనిపిస్తుంది. ముందే వెళ్తే కుర్చీలు వేస్తున్నవాళ్లుంటారు. మీరూ నాలుగు కుర్చీలు అందుకోండి. చేతికి పని ఉంటే వణుకు కూడా కనిపించదు. నేను వెళ్లిన రోజు స్టీలు గ్లాసులో నిండా టీ ఇచ్చారు. పట్టుకోలేక సగం చొక్కా మీద పోసుకున్నాను. ఇచ్చినాయన ఏమీ అనకుండా గ్లాసు తీసుకుని, సగమే పోసి మళ్లీ ఇచ్చాడు. ఆ సగం గ్లాసు చూశాకే, ఈయనకి నా సంగతి తెలుసని నాకు అర్థమైంది.

లోపల జరిగేది దాదాపు ఎక్కడైనా ఇంతే. ప్రార్థన చదువుతారు. ఏఏ అంటే ఏంటో ఒక పేరా చదువుతారు. కొత్తవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతారు. తర్వాత ఒక్కొక్కరు తమ సంగతి చెప్తారు. దీన్ని షేరింగ్ అంటారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు మధ్యలో సలహా ఇవ్వరు, ప్రశ్నించరు. మీ వంతు వస్తే ముందు పేరు ఒక్కటి చెప్పి "ఈరోజు వింటాను" అనొచ్చు. ఎవరూ బలవంతం చేయరు.

అక్కడ విన్నది అక్కడే వదిలేయాలి. మీ ఊరి మనిషి కనిపిస్తే బయట సంతలో కలిసినప్పుడు ఆ ఊసెత్తకండి, మీ ఊసు ఆయనా ఎత్తడు.

జేబులో ఉండాల్సినవి:

- తిరుగు ప్రయాణానికి ఖర్చు, అంతవరకే. మిగతా డబ్బు ఇంట్లో ఇచ్చేయండి.
- చార్జింగ్ ఉన్న ఫోన్, చిన్న పుస్తకం, పెన్ను.
- డాక్టరు రాసిన మాత్రలు.

## 7. సరైనదో కాదో ఎప్పుడు తేల్చుకోవాలి

ఒక్కసారి చూసి తేల్చకండి. అదే గ్రూపుకి కనీసం నాలుగుసార్లు వెళ్లండి. మొదటి రోజు మీకు మీ భయం తప్ప ఏమీ వినపడదు. రెండోసారికి మొహాలు గుర్తుంటాయి. మూడోసారికి ఎవరి మాట మీకు తగులుతుందో తెలుస్తుంది. దగ్గర్లో రెండు గ్రూపులుంటే రెండూ చూడండి. పెద్ద ఊళ్లలో కొత్తవాళ్లను 90 రోజుల్లో 90 మీటింగులకి వెళ్లమంటారు. మన దగ్గర అన్ని దొరకవు. వారానికి ఒకటి గదిలో, మిగతావి ఫోన్లో పూరించుకోవాలి.

నాలుగుసార్లయ్యాక చూసుకోండి:

- నెలలు, ఏళ్లు మానేసి ఉన్నవాళ్లు కనీసం ఒకరిద్దరు ఉన్నారా?
- నేను రాని వారం ఎవరైనా ఫోన్ చేశారా?
- ఇంటికి వచ్చేటప్పుడు మనసు కాస్త తేలికగా ఉందా?
- రాకపోకలు నా జేబుకి, నా షిఫ్టుకి సరిపోతున్నాయా?

రెండింటికి అవును వచ్చినా ఉండిపోండి. అన్నీ కుదిరే మీటింగ్ కోసం తిరుగుతూ ఏడాది తాగినవాళ్లను చూశాను.

కొన్నింటికి మాత్రం వెంటనే వెళ్లిపోవాలి. డాక్టరు మాత్రలు మానేయమంటే, డబ్బు అప్పు అడిగితే, విన్నది బయట చెప్తుంటే, ఆడవాళ్లతో హద్దుమీరితే ఇంకో గ్రూపు చూసుకోండి. ఒక గ్రూపు బాగోలేదని మీటింగులే వద్దనుకోకండి.

## 8. పదేపదే జరిగే పొరపాట్లు

ఒట్టు వేశాం కదా, మీటింగ్ ఎందుకు? మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి ఒట్టు వేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ తల్లి మీద నమ్మకం నాకూ ఉంది. మాల వేసుకున్న 41 రోజులు ఎలా ఆగామో గుర్తు చేసుకోండి. తెల్లవారకుండా స్నానం, సాయంత్రం భజన, చుట్టూ తాగని స్వాములు. మాల తీసిన సాయంత్రం ఆ మనుషులంతా ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. మనం ఒంటరిగా మిగిలేది అప్పుడే. ఒట్టు వేసినవాళ్లు ఆ వారంలోనే మీటింగ్ కూడా మొదలుపెట్టండి, రెండూ కలిసి నిలుస్తాయి.

బలవంతంగా లాక్కెళ్లడం. నలుగురు బావమరుదులు ఆటోలో ఎక్కించి తెస్తారు. ఆయన గోడ వైపు చూస్తూ కూర్చుంటాడు. దానికి బదులు మానేసిన ఒకాయన్ని ఇంటికి టీకి పిలవండి. పొద్దున పూట, తాగకముందు. మీరు పక్క గదిలో ఉండండి.

కొన్ని మీటింగులయ్యాక "ఇప్పుడు బాగున్నాను" అని వెళ్లడం మానేయడం. ఎక్కువగా రెండో నెలలో జరుగుతుంది. ఒళ్లు బాగుపడుతుంది, ఆకలి వేస్తుంది, జీతం మిగులుతుంది. ఆ రెండో నెల మీటింగ్ రోజుల్ని గోడ క్యాలెండర్ మీద ముందే గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

తాగితే మొహం చెల్లక పోకపోవడం. తాగితే మర్నాడే వెళ్లండి. మేము దీన్ని స్లిప్ అంటాం. ఆ గదిలో ఎక్కువమంది ఆ దారిలో పడి లేచినవాళ్లే. ఎన్నాళ్లు తాగారో దాన్ని బట్టి మళ్లీ డాక్టరు అవసరం పడొచ్చు, మొదటి అడుగు ఇంకోసారి చదవండి.

## 9. ఇంటివాళ్లకు, తాగే ఆడవాళ్లకు

అమ్మలూ, అక్కలూ, మీ కోసం వేరే మీటింగులు ఉన్నాయి. పేరు అల్-అనాన్. తాగేవాళ్ల ఇంటివాళ్లు కూర్చునేది. పిల్లల కోసం అలటీన్ ఉంది. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. దగ్గర్లో లేకపోతే ఏఏ ఓపెన్ మీటింగ్‌కి వెళ్లి విని రండి.

ఒక ప్రమాదం గురించి గట్టిగా చెప్పాలి. "తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మాన్పిస్తుంది" అని పొడులు, మాత్రలు అమ్ముతారు. మందు తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ లాంటి మాత్ర ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అది డాక్టరు ఇవ్వాలి, ఆయనకు తెలిసి వేసుకోవాలి. దొంగతనంగా కలపకండి. ఇంట్లో కొడుతుంటే మీటింగ్ కోసం ఆగకండి, 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

తాగే ఆడవాళ్లు మన దగ్గరా ఉన్నారు. మగవాళ్లు నిండిన గదికి వెళ్లలేక ఆగిపోతున్నారు. ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగ్ ఉందా అని మొదటి ఫోన్లోనే అడగండి. వెళ్తే ఒకరిని తోడు తీసుకెళ్లండి. దారి చూపే మనిషి, స్పాన్సర్ అంటాం, ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉండాలి.

## 10. దగ్గర్లో ఏదీ లేకపోతే

మల్కన్‌గిరి వైపు, కొండ ఊళ్ల వైపు ఇదే పరిస్థితి. రెండు దారులున్నాయి.

మొదటిది ఫోన్లో మీటింగ్. తెలుగు ఆన్‌లైన్ మీటింగ్ ఏ రోజు ఉందో ఆంధ్ర వైపు గ్రూపు నంబర్లకు చేసి అడగండి. చేరేముందు యాప్‌లో మీ పూర్తి పేరు తీసి ముద్దుపేరో, మొదటి పేరో పెట్టండి. లేకపోతే ఇంటిపేరుతో సహా అందరికీ కనిపిస్తుంది. వీడియో ఆపుకోవచ్చు, సిగ్నల్ తక్కువున్న చోట గొంతు బాగా వస్తుంది. ఇంట్లో చాటు లేకపోతే ఇయర్‌ఫోన్ పెట్టుకుని చెరువు గట్టుకి వెళ్లండి. రోజూ తాగడానికి వెళ్లే దారి కాకుండా వేరే దారిన వెళ్లండి.

రెండోది మీరే మొదలుపెట్టడం. మానాలనుకునేవాళ్లు ఇద్దరు చాలు. పక్క ఊరి పాత గ్రూపు వాళ్లను నెలకోసారి రమ్మని పిలవండి, చదివే కాగితాలు వాళ్లే తెస్తారు. బడి గదో, సంఘం గదో అడగండి. ఎవరూ రాకపోయినా ఆ గంట ఆ గది తెరిచి ఉండాలి. తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండాలి, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరు తీస్తారు.

## 11. గది దాటకముందు చేయాల్సిన ఆఖరి పని

లేచి రాకముందు రెండు ఫోన్ నంబర్లు పుస్తకంలో రాసుకోండి. ఒకటి చాలదు, ఆయన డ్యూటీలో ఉండొచ్చు. ఫోన్లో కూడా సేవ్ చేయండి. బయటివాళ్లకు అర్థం కాని పేరుతో చేసినా పర్లేదు.

మర్నాడు మీరు రోజూ తాగే గంటకి పది నిమిషాల ముందు ఆ నంబరుకి చేయండి. తాగాలనిపించినా చేయండి, అనిపించకపోయినా చేయండి. ఒకసారి అలవాటైతే గండం వచ్చిన రోజు వేలు దానంతట అదే ఆ నంబరు మీదికి వెళ్తుంది.

ఏం మాట్లాడాలో తెలియదని చాలామంది చేయరు. ఇది చాలు: "అన్నా, నిన్న మీటింగ్‌కి వచ్చినవాణ్ని. కిటికీ పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఏడు కావస్తోంది."

అవతలాయన మిగతాది అడుగుతాడు.